మెడికేర్ (అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం డబుల్ చేశారు. ఇర్మా (ఆదాయం ఎక్కువుంటే ప్రీమియం మీద వేసే అదనం) మీద అప్పీలు చేసి ఎవరికైనా తగ్గిందా?

ప్లేనో_పెద్దాయన:
నవంబరు చివర్లో సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి కవరు వచ్చింది. 2026లో పార్ట్ బీ (డాక్టర్ల ఖర్చులకు) మామూలు ప్రీమియం నెలకు 202.90 డాలర్లు కదా, మాకు తలా 405.80 వేశారు. పార్ట్ డీ (మందుల బీమా) మీద తలా ఇంకో 37.50. ఇద్దరికీ కలిపి నెలకు 480.80 డాలర్లు అదనం! 2024 ట్యాక్స్ రిటర్న్‌లో మా ఇద్దరి ఆదాయం 281 వేలు ఉందట. ఉంది, కాదనను. కానీ నేను 2025 మార్చిలో రిటైరయ్యాను. ఇప్పుడు ఆ జీతం ఎక్కడిది? మా ఆవిడేమో "కట్టేద్దురూ, గవర్నమెంటుతో మనకెందుకు గొడవ" అంటోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఎడిసన్_అక్క:
కట్టేసి ఊరుకోకండి అన్నయ్యగారూ. మామూలుగా రెండేళ్ల కిందటి రిటర్నే చూస్తారు, పెద్ద జీతం నుంచి రిటైరైన చాలామందికి ఈ దెబ్బ తగులుతుంది. ఎస్ఎస్ఏ-44 అని ఫామ్ ఉంది. అందులో పెళ్లి, విడాకులు, భార్య లేదా భర్త పోవడం, ఉద్యోగం మానడం, పని గంటలు తగ్గడం, పెన్షన్ ఆగడం, ఇలా ఎనిమిది కారణాలు ఉంటాయి. మీది ఉద్యోగం మానడం. టిక్ పెట్టి, తేదీ వేసి, కంపెనీ నుంచి ఆఖరి పనిరోజు రాసిన లెటర్ జత చేయండి.

నేనైతే మా కష్టాలన్నీ రెండు పేజీలు రాసుకుని వెళ్లాను. కౌంటర్లో ఆవిడ అది చదవనే లేదు, మడిచి నా చేతికే ఇచ్చి "లాస్ట్ డే లెటర్ ఉందా?" అంది. అంతే!

ఇంకో మాట. వదినగారికి వేరే ఫామ్ వేయండి. నేను ఒకటే వేస్తే మావారికి తగ్గింది, నాకు తగ్గలేదు. మళ్లీ తిరగాల్సి వచ్చింది.

ప్లేనో_పెద్దాయన:
థాంక్స్ అమ్మా. 2025లో మూడు నెలల జీతం, సెలవుల డబ్బు కూడా వచ్చాయి. ఏ ఏడాది అంకె వేయాలి?

ఎడిసన్_అక్క:
2025ది వేయండి. 2026లో అంతకన్నా తగ్గుతుందంటే ఆ అంచనా రాయడానికి కింద ఇంకో గడి ఉంటుంది. మరీ తక్కువ చేసి రాయకండి. తర్వాత ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) లెక్కతో సరిచూసి, తేడా ఉంటే వసూలు చేస్తారు.

గచ్చిబౌలి_టు_డల్లాస్:
అందరికీ ఇంత తేలిగ్గా కాదండీ. 2023లో హైదరాబాద్‌లో నాన్న కొన్న ప్లాటు అమ్మాను. అక్కడ ట్యాక్స్ కట్టాం, ఇక్కడ దానికి ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ వచ్చింది, ఇక గొడవ లేదనుకున్నా. ఆ క్రెడిట్ ట్యాక్స్‌ను తగ్గిస్తుంది కానీ ఆదాయాన్ని తగ్గించదని 2025 ప్రీమియం చూశాక తెలిసింది. ఫామ్‌లో "ఆదాయం వచ్చే ఆస్తి పోవడం" అనే గడి చూసి టిక్ పెట్టాను. కుదరదన్నారు. అది వరదో, దొంగతనమో, మన చేతిలో లేకుండా పోయినదానికట. మనంతట మనం అమ్ముకున్నది లెక్కలోకి రాదు. 60 రోజుల్లోపు ఎస్ఎస్ఏ-561 వేసి పునఃపరిశీలన అడిగాను. దానికీ అదే జవాబు. ఏడాదంతా కట్టాను.

ట్యాక్స్_తమ్ముడు:
అన్నా, ఒకటి చెప్పండి. ప్లాటు నాన్నగారు బతికుండగా గిఫ్ట్ డీడ్ రాసిచ్చారా, పోయాక మీకొచ్చిందా?

గచ్చిబౌలి_టు_డల్లాస్:
పోయాకే. 2012లో. ఎందుకు?

ట్యాక్స్_తమ్ముడు:
లాభం ఏ ధర మీద లెక్కేశారు?

గచ్చిబౌలి_టు_డల్లాస్:
నాన్న కొన్నప్పటి ధర మీదే. ఇండియాలో ఆడిటర్ ఇచ్చిన కాగితమే ఇక్కడ ఇచ్చాను.

ట్యాక్స్_తమ్ముడు:
అక్కడే దెబ్బతిన్నారు. ఇండియాలో తండ్రి కొన్న ధర నుంచి లెక్క మొదలవుతుంది. అమెరికాలో వారసత్వంగా వచ్చినదానికి ఆయన పోయిన రోజున ఎంత విలువ ఉందో అదే మీ ధర. అంటే 2012 దాకా పెరిగిందంతా మీ లాభంలోకి రాకూడదు. (గిఫ్ట్ డీడ్ అయితే నాన్నగారి ధరే వస్తుంది, అప్పుడు నేను చెప్పేదేమీ లేదు.) వాల్యూయర్‌తో 2012 విలువకు రిపోర్టు తీయించి, 1040-ఎక్స్ వేసి 2023 రిటర్న్ సవరించండి. ఐఆర్ఎస్ ఒప్పుకున్నాక ఆ ట్రాన్‌స్క్రిప్ట్ (వాళ్ల రికార్డు కాపీ) పట్టుకుని సోషల్ సెక్యూరిటీకి వెళ్లండి. సవరించిన రిటర్న్ ఉంటే ప్రీమియం మళ్లీ లెక్కేస్తారు. దీనికి గడువు ఉంది, ఈ ఏడాదిలోనే పని కానీయండి.

గచ్చిబౌలి_టు_డల్లాస్:
అయ్య బాబోయ్. డెత్ సర్టిఫికెట్ ఊళ్లో అన్న దగ్గరుంది. ఇప్పుడే ఫోన్ చేస్తా.

కాకినాడ_పిన్ని:
నాది చిన్న కథ, కానీ మంట ఎక్కువ. మావారు 2023లో పోయారు. 2024 నుంచి నేను సింగిల్. 2026 ప్రీమియానికి ఇద్దరున్నప్పుడు 218 వేల దాకా పరిమితి, ఒంటరికి 109 వేలు. నాకు 111 వేలొచ్చింది. ఆ రెండు వేలకి నెలకు 95.70 డాలర్లు అదనం! ఒక్క డాలరు దాటినా ఇంతేనట. భర్త మరణం గడి టిక్ పెట్టి పంపాను. 2025లో ఆదాయం తగ్గలేదు కాబట్టి కాదన్నారు. చూస్తే ఆ పైన పడ్డ రెండు వేలూ ఎన్ఆర్ఈ డిపాజిట్ (ఇండియా బ్యాంకుల్లో ఎన్నారైలు వేసుకునేది) వడ్డీయే. అక్కడ ట్యాక్స్ లేదని నేను పట్టించుకోలేదు. ఇక్కడ మొత్తం ఆదాయమే.

ట్యాక్స్_తమ్ముడు:
పిన్నిగారూ, మీకు డెబ్బై ఏళ్ల ఆరు నెలలు దాటి, ఐఆర్ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) ఉంటే, మీరిచ్చే విరాళం ఐఆర్ఏ నుంచే నేరుగా సంస్థకు పంపించండి. ఆ మొత్తం ఆదాయంలో కలవదు. డబ్బు ముందు మీ చేతికొస్తే మాత్రం లాభం లేదు.

కాకినాడ_పిన్ని:
మా ఊరి గుడికి పంపొచ్చా నాయనా?

ట్యాక్స్_తమ్ముడు:
కుదరదండీ. ఇక్కడ 501(సీ)(3), అంటే అమెరికాలో ధార్మిక సంస్థగా పన్ను మినహాయింపు, ఉన్న గుడికే.

ప్లేనో_పెద్దాయన:
అప్‌డేట్. రెండు ఫామ్‌లూ వేశాం. నాది ఓకే అయింది, జనవరి నుంచి పట్టుకున్న అదనం వెనక్కి వేశారు. మా ఆవిడది ఇంకా రాలేదు. కట్టేద్దాం అన్న మనిషే ఇప్పుడు రోజుకు రెండుసార్లు పోస్ట్‌బాక్స్ తీసి చూస్తోంది.