ఇగ్వానా: మొదటిసారి పెంచేవాళ్లకు తగిన జంతువేనా?

ప్రశ్న:
ఇదివరకు నేను ఏ జంతువునూ పెంచలేదు. ఇగ్వానా (ఒక రకం పెద్ద బల్లి) పిల్లను తెచ్చుకోవాలని ఉంది. ఆకులే తింటుంది, అరవదు, ఓ మూలన కూర్చుంటుంది కదా. కొత్తవాళ్లకు వద్దని కొందరు ఎందుకంటున్నారు?

జవాబు:
తెచ్చుకోండి. అందరం ఒకప్పుడు కొత్తవాళ్లమే. ఎండ పడే కిటికీ పక్కన పంజరం పెడితే దీపాల ఖర్చు కూడా తప్పుతుంది.

దానికి నా జవాబు:
కిటికీ సలహా మాత్రం దయచేసి పాటించకండి. ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలను కిటికీ అద్దం దాదాపుగా ఆపేస్తుంది. అవి ఒంటికి తగలకపోతే ఇగ్వానాకు డి3 విటమిన్ సరిగా తయారవదు, తిన్న కాల్షియం ఒంటబట్టదు. అప్పుడు శరీరం ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది.

నా మొదటి ఇగ్వానాకు యూవీబీ ఇచ్చే దీపం పెట్టాను. వెలుగుతూనే ఉంది కదా అని మార్చలేదు. బల్బు వెలుగుతున్నా అందులో యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుందని అప్పటికి తెలియదు. దవడ మెత్తబడి వాచింది, కాళ్లు వణికేవి. నేను గుర్తించేసరికి ఎముకలు వంగిపోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. ఇగ్వానా మూలగదు, జబ్బును బాగా ముదిరేదాకా బయటపడనివ్వదు. కొత్తవాళ్లకు కష్టమని నేననేది అందుకే.

ఇక సైజు సంగతి. అరచేతిలో పట్టే పిల్ల తోకతో కలిపి 5 అడుగులు పెరుగుతుంది, బాగా చూసుకుంటే 15 ఏళ్లకు పైగా బతుకుతుంది. చెట్లెక్కే జంతువు కాబట్టి పంజరం మనిషెత్తు ఉండాలి. వెచ్చగా కూర్చునే కొమ్మ దగ్గర సుమారు 35 డిగ్రీలు లేకపోతే తిన్న ఆకు అరగదు. గుడ్డు, మాంసం పెట్టకండి, కిడ్నీలు దెబ్బతింటాయి.

మొదటి జవాబు రాసినవారు:
కిటికీ విషయం ఒప్పుకుంటున్నాను. కానీ దీపం, పంజరం ముందే సిద్ధం చేసుకున్నవాళ్లకు కూడా వద్దంటారా?

నా జవాబు:
వాళ్లను ఆపను. అయితే సరీసృపాలకు వైద్యం చేసే డాక్టరు అందుబాటులో ఉన్నారో లేదో ముందే కనుక్కోవాలి. ఇంట్లో చంటిపిల్లలుంటే మాత్రం ఆగమనే అంటాను, ఇగ్వానా నుంచి అంటే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వాళ్లకు ప్రమాదం. మగదైతే ఈడొచ్చాక జతకట్టే కాలంలో మచ్చిక చేసినవారినే కరవవచ్చు, తోకతో కొట్టవచ్చు. అందుకే పిల్లను కాదు, బాగా ఎదిగిన ఇగ్వానాను పెంచుతున్నవాళ్లింటికి ముందు వెళ్లండి. పంజరం శుభ్రం చేసే సమయానికే వెళ్లి, ఆ పని మీరూ ఒకసారి చేసి చూడండి.