క్రమశిక్షణ చర్యకు గురై కాలేజీ మారిన క్రీడాకారుడికి ఆడే అర్హత ఎప్పుడు ఇవ్వాలి?

డాలస్ తండ్రి (చర్చ ప్రారంభం)

మా అమ్మాయి టెక్సస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరం చదువుతోంది. తమ ఫుట్‌బాల్ జట్టులో కొత్తగా చేరిన ఆటగాడొకడు పాత చోట క్రమశిక్షణ చర్యకు గురై వచ్చాడనీ, ఏం చేశాడో మాత్రం క్యాంపస్‌లో ఎవరికీ తెలియదనీ మొన్న ఫోన్‌లో చెప్పింది. ఆ అబ్బాయి దోషా కాదా అన్నది ఇక్కడ తేల్చేది కాదు. నిబంధన ఏమంటోందో చదివాక నాకు కలిగిన అభిప్రాయాన్ని మాత్రం మీ ముందు ఉంచుతున్నాను.

అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం, పాత విశ్వవిద్యాలయం క్రమశిక్షణ కారణంగా సస్పెండ్ చేసిన లేదా బహిష్కరించిన విద్యార్థి ఆ శిక్ష అమలులో ఉండగానే మరో చోట చేరితే, కొత్త చోట ఒక పూర్తి సంవత్సరం చదివిన తరువాతే పోటీలలో ఆడాలి. 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియా ఫెడరల్ కోర్టు, ఒకసారికి మించి కాలేజీ మారినవారు ఏడాది ఆగాలన్న బదిలీ ఆంక్షలను తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ తరువాత 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ, ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చని నియమం మార్చింది కానీ, చదువులో అర్హత ఉండి, ఏ క్రమశిక్షణ శిక్షా లేకుండా పాత చోటు వదిలి ఉండాలన్న షరతును అలాగే ఉంచింది.

హింసకు పాల్పడినవాడికి ఒక్క సంవత్సరం విరామం చాలదని నా వాదన. జార్జియా విశ్వవిద్యాలయ జట్టు 2014లో గృహహింస కేసులో తొలగించిన ఆటగాణ్ణి అలబామా విశ్వవిద్యాలయం చేర్చుకుంది. 2015 మార్చిలో అతడు అక్కడా అదే తరహా ఆరోపణపై అరెస్టయ్యాడు. ఆ రెండు నెలలకే, ఈ రెండు విశ్వవిద్యాలయాలూ సభ్యులుగా ఉన్న ఎస్‌ఈసీ అనే క్రీడా కూటమి, లైంగిక దాడి, గృహహింస వంటి తీవ్రమైన దుష్ప్రవర్తన కారణంగా తొలగింపబడినవారిని తన సభ్య విశ్వవిద్యాలయాలు చేర్చుకోరాదని నియమం చేసింది. ఆ నిషేధాన్ని దేశమంతటికీ వర్తింపజేయాలి.

న్యాయవిద్యార్థిని, న్యూజెర్సీ

డాలస్ తండ్రి గారి ఆందోళన నాకు అర్థమవుతోంది, కానీ శాశ్వత నిషేధానికి నేను ఒప్పుకోలేను. విశ్వవిద్యాలయం జరిపే విచారణ కోర్టు విచారణ కాదు. అనుమానానికి తావు లేకుండా నేరం రుజువు కావాలని కోర్టు కోరుతుంది. విశ్వవిద్యాలయ సంఘానికి చాలాచోట్ల, జరగలేదనడం కన్నా జరిగిందనడానికే కాస్త ఎక్కువ ఆధారం ఉంటే సరిపోతుంది. ఒక విద్యార్థిని క్యాంపస్ నుంచి దూరంగా ఉంచడానికి ఆ ప్రమాణం సమంజసమే. అదే ప్రమాణంతో పంతొమ్మిదేళ్ల పిల్లవాడికి దేశంలో ఏ మైదానంలోనూ చోటు లేకుండా చేయడం వేరు సంగతి.

క్యామ్ న్యూటన్ సంగతి గుర్తు చేసుకోండి. 2008లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఉండగా దొంగిలించిన ల్యాప్‌టాప్ దగ్గర ఉందని అరెస్టయి, జట్టు నుంచి సస్పెండయ్యాడు. టెక్సస్‌లోని బ్లిన్ అనే జూనియర్ కాలేజీకి (అక్కడ అది డిగ్రీ మొదటి రెండేళ్లు చదివే కాలేజీ) వెళ్లి, 2009లో దానికి జాతీయ టైటిల్ సంపాదించి పెట్టాడు. మరుసటి ఏడాది ఆబర్న్ విశ్వవిద్యాలయంలో ఆడుతూ, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు. కోర్టు ఆమోదించిన, విచారణకు బదులుగా ఉండే కార్యక్రమం పూర్తిచేయడంతో ఆ కేసూ కొట్టివేశారు. మీరు చెప్పే నియమం అప్పుడు ఉంటే అతడు ఏమయ్యేవాడు?

డాలస్ తండ్రి

ఏమీ అయ్యేవాడు కాదు. నేను అడిగేది హింస గురించి, ఎస్‌ఈసీ నియమం రాసుకున్నదీ హింస గురించే. ల్యాప్‌టాప్ దొంగతనం అందులోకి రాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లనే ప్రతిసారీ చర్చ ‘పిల్లలు తప్పులు చేస్తారు’ అనే మాట దగ్గర ఆగిపోతోంది. మీ విచారణ ప్రమాణం వాదనకు మాత్రం నా దగ్గర వెంటనే జవాబు లేదు.

విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, హనుమకొండ

మీ దేశపు ఆటల నియమాలు నాకు పెద్దగా తెలియవు. అయితే పిల్లలను ఆడించి, గెలిపించి, తప్పు చేసినప్పుడు వెనకేసుకొచ్చిన అనుభవం ముప్పై ఏళ్లది ఉంది కనుక రెండు మాటలు చెప్పదలచుకున్నాను.

మన దగ్గర టీసీలో ‘ప్రవర్తన’ అని ఒక గడి ఉంటుంది. నా సర్వీసులో నేను చూసిన టీసీలలో ఆ గడిలో ‘మంచిది’ లేదా ‘సంతృప్తికరం’ తప్ప మూడో మాట చూసిన గుర్తు లేదు. ఒక ఏడాది జోనల్ పోటీలకు ఇరవై రోజుల ముందు మా కాలేజీకి ఒక కుర్రాడు వచ్చి చేరాడు. కబడ్డీలో మంచి రైడర్. చదువు సంవత్సరం మధ్యలో ఎందుకు మారాడని అడగడం నా పని. నేను అడగలేదు. టీసీలో ‘మంచిది’ అని రాసి ఉంది, నాకు రైడర్ కావాలి. పాత హాస్టల్‌లో ఒక జూనియర్‌ను చెవి వాచేట్టు కొట్టాడనీ, పోలీసుల దాకా వెళ్లకుండా తండ్రిని పిలిచి, టీసీ చేతిలో పెట్టి పంపించారనీ మా హాస్టల్‌లో అదే పని మళ్లీ చేసిన తరువాత తెలిసింది. ఆ రెండో దెబ్బ తిన్న పిల్లవాడి తల్లి నా గదికి వచ్చి, ‘సార్, మీకు ముందే తెలుసా’ అని అడిగింది. తెలియదని చెప్పాను. అది నిజమే కానీ, ఎందుకు తెలియదన్నది ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలలో, బహిష్కరణకు గురైన విద్యార్థిని నిర్ణీత కాలం పాటు మరే విద్యాసంస్థలోనూ చేర్చుకోకుండా నిషేధించే శిక్ష కూడా ఉంది. కాగితం మీద అది ఎస్‌ఈసీ వారి నియమం కన్నా కఠినమైనదే. అయితే బహిష్కరించినట్టు రాస్తే కదా అది పనిచేసేది? టీసీ ఇచ్చి పంపితే బహిష్కరణే లేదు.

రిజిస్ట్రార్ కార్యాలయ ఉద్యోగి, వర్జీనియా

మాస్టారు గారు చెప్పిన టీసీ గడి ఇక్కడ వేరే రూపంలో ఉంది, దాని కథ కూడా ఒక క్రీడాకారుడితోనే మొదలైంది. 2002లో లిబర్టీ విశ్వవిద్యాలయంలో ఒక ఫుట్‌బాల్ ఆటగాడిపై లైంగిక దాడి ఆరోపణ వచ్చింది. అతడు అక్కడ చదువు మానేసి, క్రిస్టఫర్ న్యూపోర్ట్ విశ్వవిద్యాలయంలో చేరి, ఆ జట్టులో కూడా స్థానం పొందాడు. 2003లో అక్కడా అలాంటి ఆరోపణే వచ్చింది, అక్కడి నుంచీ వెళ్లిపోయాడు. అదే మనిషి 2009లోనూ 2014లోనూ ఇద్దరు యువతులను హత్య చేసినట్టు 2016లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ కేసు రేపిన ఆవేదన నుంచి 2015లో మా రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది: లైంగిక హింస విషయంలో సస్పెండయినా, బహిష్కరణకు గురైనా, విచారణ నడుస్తుండగా తానే వెళ్లిపోయినా, ఆ సంగతి ట్రాన్‌స్క్రిప్టులో, అంటే మార్కుల అధికారిక పత్రంలో, ప్రముఖంగా రాయాలి. న్యూయార్క్ అదే ఏడాది, టెక్సస్ 2019లో ఇలాంటి చట్టాలు చేశాయి.

చూడడానికి అది ఒక్క వాక్యం. దాన్ని చదివే గుమస్తా ఒక్క క్షణం ఆగుతాడు. అయితే ఎన్నో రాష్ట్రాలలో ఇలాంటి చట్టం లేదు, అక్కడి ట్రాన్‌స్క్రిప్టులో మార్కులు మాత్రమే ఉంటాయి.

ఇంకొక తేడా ఈ చర్చలో ఇంతవరకు రాలేదు. జట్టు నుంచి తొలగించడం వేరు, విశ్వవిద్యాలయం నుంచి తొలగించడం వేరు. ‘జట్టు నియమాలు ఉల్లంఘించాడు’ అని కోచ్ ఒక వాక్యం ప్రకటించి ఆటగాణ్ణి పంపించివేస్తే, విశ్వవిద్యాలయం లెక్కలో అతడిపై ఏ శిక్షా ఉండదు. అతడు కాలేజీ మారదలచిన ఆటగాళ్ల పేర్లుండే ఎన్‌సీఏఏ బదిలీ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, ఏ శిక్షా లేనివాడిగా వెళ్లి, కొత్త చోట మొదటి వారమే ఆడవచ్చు. డాలస్ తండ్రి గారు చెప్పిన ఒక్క సంవత్సరం విరామం కూడా అతడికి వర్తించదు. నిబంధన ఎంత కఠినంగా ఉండాలన్న దానికన్నా, అది ఎవరిని పట్టుకుంటోందన్నది పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం.

న్యాయవిద్యార్థిని, న్యూజెర్సీ

ఇది నేను ఒప్పుకోదగిన దారి. సమాచారం దాచడాన్ని నేను సమర్థించడం లేదు. పొరుగున ఉన్న న్యూయార్క్ చట్టంలో నాకు నచ్చిన అంశం ఏమిటంటే, సస్పెన్షన్ ముగిసి ఏడాది గడిచాక ఆ వాక్యాన్ని తొలగించమని విద్యార్థి కోరవచ్చు; బహిష్కరణ వాక్యం మాత్రం శాశ్వతంగా ఉంటుంది. శిక్షల మధ్య తేడాను గుర్తించే ఇలాంటి నియమమైతే నాకు అభ్యంతరం లేదు.

ఎన్‌సీఏఏ కూడా 2022–23 విద్యా సంవత్సరం నుంచి ప్రతి క్రీడాకారుడూ తనపై లైంగిక, ఇతర హింసకు సంబంధించిన విచారణ, శిక్ష ఏవైనా ఉంటే ఏటా తన విశ్వవిద్యాలయానికి తెలియజేయాలనీ, బదిలీ అయినవారి విషయంలో పాత సంస్థను కూడా అడగాలనీ నియమం పెట్టింది. చేర్చుకోవాలా వద్దా అన్న నిర్ణయాన్ని మాత్రం ఆ విశ్వవిద్యాలయానికే వదిలేసింది.

డాలస్ తండ్రి

ఆ చివరి వాక్యం దగ్గరే నా భయమంతా ఉంది. బోయిసీ స్టేట్ విశ్వవిద్యాలయ జట్టు తొలగించిన ఒక ఆటగాడు 2013లో మా రాష్ట్రంలోని బేలర్ విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడ ఒక విద్యార్థినిపై లైంగిక దాడి చేసినట్టు 2015లో జ్యూరీ తేల్చింది. అప్పుడు ఇద్దరు కోచ్‌లూ రెండు రకాలుగా చెప్పారు: పూర్తి సంగతి ఫోన్‌లో చెప్పానని పాత కోచ్, అలాంటిదేమీ నాకు చెప్పలేదని కొత్త కోచ్. మాస్టారు గారిలాగే కొత్త కోచ్‌కు కూడా రైడర్ కావాలి. తేడా ఏమిటంటే, మాస్టారు తన తప్పును ఇక్కడ పది మందిలో ఒప్పుకున్నారు.

కనుక నా ప్రతిపాదనను ఇలా మార్చుకుంటున్నాను. దేశవ్యాప్త శాశ్వత నిషేధాన్ని, విశ్వవిద్యాలయం పూర్తి విచారణ జరిపి హింస జరిగిందని తేల్చి బహిష్కరించిన కేసులకే పరిమితం చేయాలి. మిగిలినవారి విషయంలో, పాత సంస్థ నుంచి లిఖితపూర్వక సమాచారం తెప్పించుకుని, క్రీడా విభాగంతో సంబంధం లేని సంఘం నిర్ణయించాలి. అందులో కోచ్‌కు ఓటు ఉండరాదు.

న్యాయవిద్యార్థిని, న్యూజెర్సీ

సంఘం విషయంలో ఏకీభవిస్తున్నాను. ఒక్క సంవత్సరం విరామం గురించి ఒక మాట చెప్పాలి, అది మీ పక్షానికే ఉపయోగపడుతుంది. ఆ సంవత్సరంలో పోటీలలో ఆడకూడదు, అంతే. జట్టుతో పాటు సాధన చేయవచ్చు, స్కాలర్‌షిప్ కూడా పొందవచ్చు. ఇన్నాళ్లూ ఉన్న లెక్క అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడడం. ఒక ఏడాది ఖాళీగా ఉంచుకునే వీలు ముందే ఉంది కనుక, ఆ వీలును అంతవరకు వాడుకోనివాడు ఈ విరామం వల్ల కోల్పోయే సీజన్ ఒక్కటీ ఉండదు. దానిని శిక్ష అనడం కన్నా శిక్షణ అనడం సబబు.

రిజిస్ట్రార్ కార్యాలయ ఉద్యోగి, వర్జీనియా

విచారణ మధ్యలో వెళ్లిపోయినవారిని మాత్రం మీ ఇద్దరి ప్రతిపాదనలూ వదిలేస్తున్నాయి. ఫిర్యాదుకు గురైన విద్యార్థి ఇక తమ విద్యార్థి కాకపోతే, విద్యాసంస్థలలో లింగ వివక్షను, లైంగిక వేధింపులను నిషేధించే టైటిల్ నైన్ అనే ఫెడరల్ చట్టపు నిబంధనల కింద పాత సంస్థ ఆ విచారణను మూసివేయవచ్చు, కొనసాగించవచ్చు కూడా. మూసివేస్తే తేలినదంటూ ఏమీ ఉండదు, న్యాయవిద్యార్థిని గారి ప్రమాణం ప్రకారం అతడు నిర్దోషే. విచారణ ముగిసే వరకు కొత్త చోట ఆడరాదని, ముగించే బాధ్యత పాత సంస్థదేనని నియమం ఉంటే, వెళ్లిపోవడం వల్ల లాభం ఉండదు.

విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, హనుమకొండ

ముగించే బాధ్యత పాత సంస్థది అన్నారు. ఆ విచారణలో కూర్చుని చెప్పవలసింది దెబ్బ తిన్న పిల్లవాడు. కొట్టినవాడు ఊరు దాటి, వేరే జట్టులో ఆడుతుంటే, ఈ పిల్లవాడిని నాలుగోసారి పిలిచి అదే సంగతి చెప్పమంటారు. మా దగ్గర ఆ రెండో పిల్లవాడు మూడోసారి రాలేదు. వాళ్ల నాన్న వచ్చి టీసీ తీసుకుని వెళ్లారు. దానిలో కూడా ‘మంచిది’ అనే రాశాం.