పాల బిల్లులో ఫ్యాట్ రెండో అంకె: రౌండ్‌డౌన్ పెట్టాలా, ఇంట్ పెట్టాలా?

పాలలెక్క: మా ఊరి పాలకేంద్రం బిల్లులు ఎక్సెల్‌లో వేస్తున్నాను. మిషన్ పాలలో ఫ్యాట్ (వెన్న) 5.67 శాతం చూపిస్తే షీట్‌లో 5.6 పడాలి. ఏ ఫార్ములా?

సూత్రధారి: రౌండ్‌డౌన్ (ROUNDDOWN), పక్కన 1 ఇవ్వండి, ఒక దశాంశం ఉంచి మిగతాది కోస్తుంది. ఇంట్ (INT) పెడితే 5 మాత్రమే మిగులుతుంది. పైగా దాణా బాకీ పోను బిల్లు మైనస్ 12.40 వచ్చిందనుకోండి, ఇంట్ దాన్ని మైనస్ 13 చేస్తుంది, రౌండ్‌డౌన్ పక్కన 0 ఇస్తే మైనస్ 12 దగ్గర ఆపుతుంది. ఫార్మాట్‌లో దశాంశాలు తగ్గించి ఊరుకోకండి. కంటికి 5.7 కనపడినా లెక్క 5.67తోనే జరుగుతుంది.

ముర్రా_రైతు: ఫార్ములా తర్వాత. అసలు 5.67ని 5.6 ఎందుకు చెయ్యాలండీ? డబ్బు ఫ్యాట్‌ని బట్టే కదా, కిలో ఫ్యాట్‌కి 800 రూపాయలు అనుకుంటే కిలో పాలకి 56 పైసలు పోయాయి. పూటకి ఐదు కిలోలు పోసేవాడికి పదిహేను రోజుల బిల్లులో 84 రూపాయలు. మా కేంద్రంలోనూ ఇదే తంతు. అడిగితే మిషన్ అంతే చూపించిందన్నారు. చీటీలో రెండో అంకే ఉండదు.

సూత్రధారి: రోజూ 7 రాదు కదా. ఆ అంకె 0 నుంచి 9 దాకా మారుతుంది, సగటు 4.5. మీ 84 తప్పు, 54.

ముర్రా_రైతు: ఆ 54 మాత్రం ఎవరిది?

పద్దులపెట్టె: జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ చూడండి. 50 పైసలు, ఆ పైన ఉంటే రూపాయి చెయ్యాలి, తక్కువైతే వదిలెయ్యాలి. ఎప్పుడూ కిందికే కోస్తే ఏమవుతుందో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజీ చూసింది. 1982లో 1000తో మొదలైన సూచీని, లెక్కించిన ప్రతిసారీ మూడో దశాంశం తర్వాత కోసేశారు. 1983 నవంబరుకి 520 దాపులకి పడిపోయింది. సరిచేస్తే 1098.

సూత్రధారి: పచ్చి పాల మీద జీఎస్టీ లేదు.

పద్దులపెట్టె: పద్ధతి గురించి చెప్పానండీ, పన్ను గురించి కాదు.

పాలలెక్క: అందరూ కలిసి నన్ను దొంగని చేస్తున్నారు. డెయిరీ వాళ్ళు, అందరి పాలూ కలిపి చల్లబరిచే కూలర్ దగ్గర, మొత్తం పాలకి ఒకటే ఫ్యాట్ తీస్తారు. నేను ఇంటింటికీ రాసినదానికన్నా తగ్గితే నా కమిషన్‌లోంచి కోత. శాంపిల్‌కి తీసింది, క్యాన్‌కి అంటుకుపోయింది నా నెత్తినే. ఆ రెండో అంకె లేకపోతే నేను చేతి డబ్బు పెట్టాలి.

ముర్రా_రైతు: ఆ మాట మొదటే చెప్పాల్సింది అన్నా. తరుగు అని బిల్లులో ఒక వరస పెట్టు, ఎంతో రాయి.

పాలలెక్క: రాస్తే రేపే సగం మంది ప్రైవేటు బండికి పోస్తారు.

ముర్రా_రైతు: పోస్తే పోస్తారు. ఎంత కోస్తున్నావో తెలిస్తే ఎక్కడ పొయ్యాలో మేమే తేల్చుకుంటాం. ఫార్ములాలో దాచి కోసే హక్కు నీకూ లేదు, డెయిరీకీ లేదు.

బాటసారి: కూలర్ దగ్గర శాంపిల్ తీసేటప్పుడు ఇద్దరు రైతుల్ని నిలబెట్టండి. మా దగ్గర అలాగే చేస్తున్నాం.

పాలలెక్క: డెయిరీ వాళ్ళు ఒప్పుకోవాలి కదా.