గ్రాండ్ కాన్యన్ హెలికాప్టర్ యాత్ర: ఏ అంచు మేలు?

ప్రశ్న: గుంటూరు నుంచి డాలస్ వచ్చిన మా అమ్మానాన్నలను అక్టోబరులో లాస్ వేగస్ మీదుగా గ్రాండ్ కాన్యన్‌కు తీసుకెళ్దామనుకుంటున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల హెలికాప్టర్‌లో చూపించాలని ఉంది. పశ్చిమపు అంచు మంచిదా, దక్షిణపు అంచు మంచిదా, తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: లోయ అడుగున దిగాలనుకుంటే పశ్చిమపు అంచే ఎంచుకోండి. అది నేషనల్ పార్కులోది కాదు, హువాలపై అనే స్థానిక ఆదివాసీ తెగవారి భూమి. వారి అనుమతితోనే హెలికాప్టర్లు కొలరాడో నదికి దగ్గరగా లోయలో వాలుతాయి. వేగస్ నుంచి ఎగిరితే దారిలో హూవర్ డ్యామ్ కూడా కనిపిస్తుంది. దిగిన చోట నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక అమ్మగారికి చేయి అందించాలి.

జవాబు: నా మటుకు దక్షిణపు అంచే గొప్పది. ఆ అంచుకు దగ్గర్లోని టుసాయన్ అనే ఊరి నుంచి ఎగిరాక కొంతసేపు కింద పైన్ చెట్ల అడవి తప్ప ఏమీ కనిపించదు. ఉన్నట్టుండి నేల తెగిపోయి, సుమారు 1,600 మీటర్ల లోతు వరకు ఎర్రని రాతి పొరలు మెట్లు మెట్లుగా దిగిపోతాయి. 1987 నాటి చట్టం ప్రకారం పార్కులో హెలికాప్టర్లు అంచు కిందికి దిగవు, అయినా నాకు లోటు అనిపించలేదు.

జవాబు: ఎక్కేముందు అందరి బరువూ తూచి దాన్నిబట్టే సీట్లు కేటాయిస్తారు, కాబట్టి కిటికీ సీటు మన చేతిలో ఉండదు. ముదురు రంగు బట్టలు వేసుకుంటే ఫొటోల్లో అద్దం మీది ప్రతిబింబం తగ్గుతుంది. ఉదయం గాలి నిలకడగా ఉంటుంది, పెద్దవాళ్లకు ఆ వేళే హాయి.