దుబాయ్‌లో 3,600 దిర్హాముల జీతంతో భార్యాపిల్లల వీసా రెన్యువల్ అవుతుందా?

గౌతమీతీరం:
అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా దుబాయ్‌లో స్టోర్‌కీపర్‌గా పనిచేస్తున్నాను. నా భార్య, ఏడేళ్ల కూతురు నా స్పాన్సర్‌షిప్ మీదే ఉంటున్నారు. రెండేళ్ల క్రితం వారి వీసా తీసినప్పుడు నా జీతం 4,500 దిర్హాములు. కొత్త కాంట్రాక్టులో కంపెనీ దానిని 3,600కు తగ్గించింది. అయితే మేముంటున్న ఫ్లాట్ అద్దెను మాత్రం కంపెనీయే నేరుగా యజమానికి కడుతోంది. వీసాల గడువు ఇంకా ముప్పై ఐదు రోజులే ఉంది. వీసా దరఖాస్తులు నింపిపెట్టే టైపింగ్ సెంటరులో అడిగితే నాలుగు వేలు లేనిదే కాదని ఒక్క ముక్కలో తేల్చేశారు. చదువు మధ్యలో పాపను అమలాపురం పంపవలసి వస్తుందేమోనని ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టడం లేదు. దారి ఉంటే దయచేసి చెప్పగలరు.

పాతకాపు:
గౌతమీతీరం గారూ, మీకు సగం మాటే చెప్పారు. 2019లో నిబంధన మారినప్పటి నుంచి స్పాన్సర్ చేసేవారిది ఏ ఉద్యోగమన్నది కాక ఆదాయమెంతన్నదే చూస్తున్నారు. నెలకు 4,000 దిర్హాములు ఉండాలి, లేదా 3,000 దిర్హాములతో పాటు వసతి ఉండాలి. మీరు రెండో కోవలోకి వస్తారు. కాకపోతే కంపెనీ అద్దె కడుతున్న సంగతి మీకు తెలిస్తే చాలదు, కాంట్రాక్టులో కనిపించాలి. నాకు సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది: కంపెనీ ఇచ్చిన ఇంట్లోనే కాపురముంటున్నా, నా కాంట్రాక్టులో వసతికి ఎదురుగా "లేదు" అని ఉన్నందున దరఖాస్తు వెనక్కి వచ్చింది. హెచ్‌ఆర్ వారు కార్మిక మంత్రిత్వ శాఖ ద్వారా కాంట్రాక్టు సవరించాక పని జరిగింది. ఎజారీ (ప్రభుత్వం వద్ద నమోదైన అద్దె ఒప్పందం) కంపెనీ పేరు మీద ఉంటే, ఆ ఫ్లాట్‌లో మీరు కుటుంబంతో ఉంటున్నట్లు ఒక లేఖ కూడా తీసుకోండి.

సాగరతీరం:
ఎవరైనా జీతం ఎక్కువ చేసి సర్టిఫికెట్ ఇప్పిస్తామంటే దయచేసి ఒప్పుకోకండి అన్నా. జీతం డబ్ల్యూపీఎస్ (ప్రభుత్వ పర్యవేక్షణలోని జీతాల చెల్లింపు వ్యవస్థ) ద్వారా బ్యాంకులో పడుతుంది కనుక సర్టిఫికెట్‌లోని అంకెకూ స్టేట్‌మెంట్‌లోని అంకెకూ తేడా వెంటనే బయటపడుతుంది. ఆపైన మీ ఉద్యోగానికే ముప్పు. వదినగారికి మెడికల్ టెస్టు ఉంటుంది, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు. ఇద్దరికీ ఆరోగ్య బీమా ముందే కట్టి ఉంచండి. వీసా ముగిశాక ఇచ్చే అదనపు గడువు కూడా దాటితే మనిషికి రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది, అంతదాకా రానివ్వకండి.

గౌతమీతీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే కాంట్రాక్టు తీసి చూశాను, నాదానిలోనూ వసతికి ఎదురుగా "లేదు" అనే ఉంది. రేపు ఉదయమే హెచ్‌ఆర్ వారిని కలిసి, కంపెనీ ఇచ్చిన అద్దె చెక్కుల నకళ్లు చూపించి, సవరణ అడుగుతాను.