హైస్కూల్ వారోత్సవాలు: ట్రాక్ గీతలు, మార్కుల లెక్క (చర్చ)

పటమట_హెచ్ఎం
నవంబర్ 14కి ముందు వారమంతా ఆటలు, సైన్స్ ప్రదర్శన, వక్తృత్వం పెడుతున్నాం. గ్రౌండ్ 90 × 50 మీటర్లు. 4 లేన్ల ట్రాక్ పడుతుందా? ఫలితాల మీద తల్లిదండ్రులు గొడవకు రాకుండా ముందే ఏం చూసుకోవాలి?

పీఈటీ_గుంటూరు
200 మీటర్ల ట్రాక్ పడుతుంది సార్. నేరు భాగాలు రెండూ 40 మీటర్ల చొప్పున, వంపులు 60 చొప్పున. లోపలి గీత వ్యాసార్ధం 18.90. పిల్లలు గీతకు 20 సెం.మీ. ఎడంగా పరిగెడతారని లెక్క కాబట్టి పరుగు దారి వ్యాసార్ధం 19.10 అవుతుంది. లేన్ వెడల్పు 1.22. మొత్తం 87.6 × 47.6 పడుతుంది. చుట్టూ మిగిలేది మీటరు పైచిలుకే, గోడ వైపు జనాన్ని నిలబెట్టొద్దు.

ముందు గ్రౌండ్ మధ్యలో 40 మీటర్ల గీత గీసి రెండు చివర్లా మేకులు దిగ్గొట్టండి. అవే వంపుల కేంద్రాలు. ఒక్కో మేకు దగ్గర 6-8-10 కొలతలతో (భుజాలు 6, 8, 10 ఉన్న త్రిభుజంలో 6, 8 మధ్య లంబకోణం వస్తుంది) లంబం తీసి, రెండు వైపులా 18.90 గుర్తు పెట్టండి. ఆ నాలుగు గుర్తుల మధ్య ఐమూల కొలతలు రెండూ 55.03 రావాలి. తేడా వస్తే అక్కడే ఆగి సరిచేయండి, సున్నం వేశాక దిద్దడం నరకం. వంపులు తిప్పడానికి నైలాన్ తాడు వాడొద్దు, లాగినకొద్దీ సాగుతుంది. బైండింగ్ వైరు గానీ స్టీలు టేపు గానీ వాడండి.

200 మీటర్ల పరుగుకు స్టాగర్ (బయటి లేన్ల వాళ్లు మొదటి లేన్ కంటే ఎంత ముందు నుంచి మొదలుపెట్టాలో ఆ దూరం, మీటర్లలో): 2వ లేన్ 7.67, 3వది 15.33, 4వది 23.00.

పటమట_హెచ్ఎం
మా పీఈటీ గారు 2వ లేన్‌కు 7.04 అంటున్నారు. పుస్తకంలోనూ అదే ఉందట.

పీఈటీ_గుంటూరు
లోపలి అంచున ఎత్తైన గట్టు ఉన్న ట్రాక్‌కు ఆ లెక్క సరైనదే. అక్కడ మొదటి లేన్‌ను గట్టు నుంచి 30 సెం.మీ. దూరంలో కొలుస్తారు, మిగతావాటిని గీత నుంచి 20 దగ్గర. మీది ఉత్త సున్నపు గీత, అన్నిటికీ 20యే. దాని మీద 7.04 పెడితే 2, 3, 4 లేన్ల వాళ్లు 63 సెం.మీ. ఎక్కువ పరిగెత్తాలి. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

ఇంకోటి, స్టాగర్‌ను గీత మీద కాకుండా దానికి 20 సెం.మీ. బయట, వంపు వెంటే కొలవాలి. గీత మీదే కొలిస్తే 4వ లేన్ వాడికి దాదాపు 20 సెం.మీ. కలిసొస్తుంది.

నల్లరేగడి
100 మీటర్లు నేరుగా పెట్టే ఆశ వదులుకోండి. ఆ గ్రౌండ్‌లో ఐమూలగా కొలిచినా 103 దాటదు, గీత దాటాక ఆగే చోటుండదు. ఒక వంపుతో సగం రౌండు పెట్టి స్టాగర్ 3.83, 7.67, 11.50 ఇవ్వండి. నేరుగానే కావాలంటే బస్సులో పిల్లల్ని విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియానికి తీసుకెళ్లాల్సిందే, ముందే అనుమతి అడగాలి.

గీతలకు సున్నం వద్దు, కళ్లల్లో పడితే ప్రమాదం. ముగ్గు పిండి చాలు. ఐదు గీతలు కలిపి 1,070 మీటర్ల దాకా వస్తాయి, లెక్కేసి తెప్పించండి. నవంబర్‌లో తుపాను వాన ఎప్పుడైనా పడొచ్చు. మేకులకు ఎర్ర గుడ్డ కట్టి నేలమట్టానికి దిగ్గొట్టి ఉంచితే, వాన వెలిశాక మళ్లీ కొలవక్కర్లేదు. పోటీల రోజు పొద్దున పైకి కనిపించే మేకు ఒక్కటి కూడా ఉండకూడదు. గుంటూరు వైపు నల్లరేగడైతే తడి ఆరేదాకా పరుగులు పెట్టకండి, బూట్లకు ముద్దలు అంటుకుని పడిపోతారు.

స్టాప్‌వాచ్
టైము తీసేవాళ్లు ఈల విని బటన్ నొక్కితే 100 మీటర్ల దూరానికి శబ్దం చేరేసరికి 0.3 సెకను పోతుంది. ఈలతో పాటు జెండా దించమనండి, జెండా చూసి నొక్కాలి. చేతి వాచీ టైమును పైకే సవరించాలి: 13.21 అయితే 13.3.

షాట్‌పుట్ సెక్టార్‌కు (గుండు పడాల్సిన చోటు) కోణమానిని అక్కర్లేదు. వృత్తం కేంద్రం నుంచి రెండు గీతలూ 10 మీటర్లు వెళ్లేసరికి వాటి మధ్య దూరం 6 మీటర్లు ఉంటే చాలు, కోణం 34.92 డిగ్రీలు వచ్చేసినట్టే.

సైన్స్_టీచరమ్మ
ప్రదర్శనలో ఎక్కువగా మొరాయించేవి సిరంజిలతో చేసిన జేసీబీలు. పైపులో గాలి బుడగ ఉంటే అది నలుగుతుంది, జేసీబీ చెయ్యి కదలదు. బకెట్ నీళ్లలో పైపు, సిరంజిలు ముంచి లోపలే తొడగాలి. సోలార్ మోడళ్లను దక్షిణం వరండాలో పెట్టండి, నవంబర్‌లో ఎండ అటే. హీటరు, ఇండక్షన్ స్టవ్ ఉన్న మోడల్‌ను మిగతావాటితో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించొద్దు.

తెలుగు_మాస్టారు
వక్తృత్వంలో ముగ్గురు జడ్జీల మార్కులు కూడితే, 45 నుంచి 95 దాకా వేసే ఒక్కరి మాటే చెల్లుతుంది. మిగతా ఇద్దరు 70, 80 మధ్యే వేస్తారు కదా. మార్కుల్ని ర్యాంకులుగా మార్చి కూడండి, తక్కువ మొత్తం వచ్చినవాళ్లే ప్రథమం. టై అయితే ఎక్కువ మొదటి ర్యాంకులు ఎవరికి ఉన్నాయో చూడాలి. ఈ సంగతి పోటీకి ముందే నోటీసు బోర్డులో పెట్టాలి.

హౌస్ పాయింట్లు మొదటి మూడు స్థానాలకు 5-3-1, రిలేకు రెట్టింపు. ఒక్కొక్కరికి మూడు అంశాలు, రిలే అదనం. లేకపోతే ఒక్క చురుకైన పిల్లాడే షీల్డ్ పట్టుకుపోతాడు.

పటమట_హెచ్ఎం
7.67 ఖాయం చేశాం. సర్టిఫికెట్ల సంగతి?

తెలుగు_మాస్టారు
పేర్లు అడ్మిషన్ రిజిస్టర్ చూసి రాయించండి, పిల్లలు చెప్పినవి కాదు. "పాఠశాల స్థాయి" అన్న మాట తప్పకుండా ఉండాలి.