సాఫో గడ్డి: పచ్చనా, పచ్చిదా?

కలువరేకు: రెండ్రోజులుగా ఒక పాదం బుర్రలోంచి పోవట్లేదు. ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫోని తెలుగు చేస్తున్నాను. ఆమె 31వ ఖండికలో చెమట, వణుకు అయ్యాక "గడ్డికన్నా..." అంటుంది చూడండి, ఆ ఖ్లోరోతెరా ('ఇంకా ఖ్లోరోస్‌గా' అని; ఆ ఖ్లోరోస్‌కి తెలుగేమిటన్నదే చిక్కు). 'పాలిపోయాను' అని రాసి కొట్టేశాను. పోలిక గడ్డితో కదా!

పాతసంచిక: పాలిపోవడమేనండీ. గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌లో భయానికి వేసే విశేషణం ఇదే, ఖ్లోరోన్ దెయోస్. ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో మృత్యువు ఎక్కిన గుర్రమూ ఖ్లోరోసే. మన బైబిల్లో 'పాండుర వర్ణము' అన్నారు.

వేపచెట్టు: అదే బైబిల్లో మార్కు 6:39 కూడా చూడండి మాష్టారూ. జనాన్ని కూర్చోబెట్టిన గడ్డికీ ఇదే మాట, అక్కడ 'పచ్చిక' అయింది. అసలు మనకి బాధేముంది? పచ్చ అంటే సరి. గడ్డీ పచ్చే, కామెర్లూ పచ్చే. గ్రీనా, ఎల్లోనా అని ఇంగ్లీషువాళ్లు కొట్టుకోవాలి.

ఓరుగల్లు: పచ్చ కాదు, పచ్చి. చివర గుడి పెట్టండి! ఒడిస్సీ తొమ్మిదో సర్గలో ఒంటికన్ను రాక్షసుడి ఆలివ్ దుంగ ఖ్లోరోస్, అంటే ఇంకా ఆరని కట్టె. యూరిపిడిస్ నాటకం మెడియాలో కన్నీళ్లు ఖ్లోరోస్. ఆకుపచ్చ కన్నీళ్లు కారుస్తారా ఎవరైనా?

వేపచెట్టు: మరి సంస్కృతం హరి శబ్దం? దానికీ ఖ్లోరోస్‌కీ మూలం ఒకటే. హరితం ఆకు రంగు, హరిద్ర పసుపు. గుడి పెడితే ఈ చుట్టరికం తెగిపోతుంది.

ఓరుగల్లు: చుట్టరికం చూసి అర్థం చెప్పే పనైతే, 1810లో రసాయనవేత్త డేవీ ఇదే మాటతో పేరు పెట్టిన క్లోరిన్ వాసన కూడా సాఫోకి అంటగట్టండి.

పాతసంచిక: రోమన్ కవి కటులస్ సంగతి మరిచారు. తన 51వ కవితలో ఈ పద్యాన్నే లాటిన్‌లోకి తెస్తూ, సరిగ్గా గడ్డి చరణం వదిలేసి తీరిక చేటు అంటూ తన గోడు మొదలుపెట్టాడు. ఆయన గంటం కూడా ఈ మాట దగ్గరే ఆగిందని నా అనుమానం. ఆ పిచ్చుక పద్యం రాసినవాడికి మాటలు కరువా చెప్పండి!

కలువరేకు: పిచ్చుక తర్వాత చూద్దామండీ. 'గడ్డికన్నా పచ్చిగా ఉన్నాను' అని రాసి ఇంట్లో వినిపిస్తే, పచ్చిగా అంటే బూతులా ఉంది అన్నారు.

ఓరుగల్లు: పచ్చి బాలింత అనరా మీ ఇంట్లో?

వేపచెట్టు: అంటారు. బాలింతని గడ్డితో మాత్రం పోల్చరు.